ఇన్‌కస్‌తో లైనక్స్ కంటైనర్ సర్వర్: ఏర్పాటు నుంచి రోజువారీ నిర్వహణ దాకా

ఒకే లైనక్స్ సర్వర్‌లో వెబ్‌సైట్, డేటాబేస్, మెయిల్, టెస్ట్ మెషీన్ అన్నీ వేటికవి విడిగా నడవాలంటే ఏం చేయాలని చాలామంది అడుగుతున్నారు. దానికి ఒక దారి కంటైనర్లు, అంటే ఒకే సర్వర్‌లో వేటికవి విడిగా నడిచే చిన్న సర్వర్లు. వాటిని సృష్టించి నడిపే ఇన్‌కస్ అనే టూల్‌ను ఇన్‌స్టాల్ చేయడానికి పది నిమిషాలు చాలు. టెన్షన్ మొదలయ్యేది ఆ తర్వాతే: కంటైనర్‌కు నెట్ రాదు, ఫైలు రాయబోతే అనుమతి లేదంటుంది, ఒక కంటైనర్ మెమరీ మొత్తం తినేస్తుంది, బ్యాకప్ తీశామనుకున్న డేటా అందులో ఉండదు.

వీటిలో చాలావరకు మొదటి కంటైనర్ పుట్టకముందే తీసుకోవాల్సిన నిర్ణయాల్లో జరిగిన లోపాలే. అందుకే ఇందులో సన్నాహానికే ఎక్కువ చోటు ఇచ్చాను. ఉదాహరణలకు ఇన్‌కస్ తీసుకున్నాను. ఇలాంటి పనే చేసే ఇతర టూల్స్‌కూ, అంటే ప్రాక్స్‌మాక్స్‌లోని ఎల్ఎక్స్‌సీ కంటైనర్లకూ, ఎల్ఎక్స్‌డీకీ ఆలోచన ఇదే, కమాండ్లు మాత్రం వేరు.

కమాండ్లను పలికే తీరులో తెలుగులో రాశాను. టెర్మినల్‌లో వాటిని చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో టైప్ చేయాలి. జిఐబిని మాత్రం GiB అనే టైప్ చేయాలి.

1. కంటైనరా, వర్చువల్ మెషీనా?

కంటైనర్‌కు సొంత కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెలాంటి భాగం) ఉండదు. హోస్ట్ (కంటైనర్లను మోసే అసలు సర్వర్) కెర్నలే అన్నిటినీ నడుపుతుంది. నేమ్‌స్పేస్‌లు ఒక కంటైనర్‌కు మరొకటి కనపడకుండా చేస్తాయి, సీగ్రూప్‌లు ఎవరికెంత వనరు అన్నది లెక్క చూస్తాయి. ఈ ఒక్క విషయం గట్టిగా గుర్తుంటే కింద వచ్చే సమస్యల్లో సగం వాటంతటవే అర్థమవుతాయి.

సొంత కెర్నల్ ఉండే వర్చువల్ మెషీన్‌కు వెళ్లాల్సిన సందర్భాలు:

☐ విండోస్, ఫ్రీబీఎస్‌డీ లాంటి లైనక్స్ కానివి నడపాలి
☐ వేరే కెర్నల్ వెర్షన్ గానీ, సొంత కెర్నల్ మాడ్యూల్ గానీ కావాలి
☐ లోపల పనిచేసేవాళ్లు మీకు బొత్తిగా తెలియనివాళ్లు, వాళ్లకు రూట్ అధికారం ఇవ్వాలి
☐ ఆపకుండా ఒక సర్వర్ నుంచి మరో సర్వర్‌కు తరలించాలి

వీటిలో ఏ ఒక్కదానికి టిక్ పడినా ఆ పనికి వర్చువల్ మెషీనే సరి. అలాగని కంటైనర్లను వదులుకోనక్కర్లేదు. లాంచ్ కమాండ్ చివర --వీఎం చేరిస్తే ఇన్‌కస్ వర్చువల్ మెషీన్‌నే సృష్టిస్తుంది, రెండూ ఒకే హోస్ట్‌లో పక్కపక్కనే ఉండొచ్చు.

డాకర్‌తో పోల్చి అడిగేవాళ్లకు ఒక మాట. డాకర్ ఒక్కో కంటైనర్‌లో సాధారణంగా ఒక్క అప్లికేషన్‌ను నడుపుతుంది. ఇక్కడ మనం మాట్లాడుకునేది సిస్టమ్ కంటైనర్ గురించి. లోపల సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ, వేళకు పనులు చేసే క్రాన్, లాగ్‌లు, యూజర్లు అన్నీ ఉన్న పూర్తి సర్వర్ అది. నెలల తరబడి నడుస్తుంది, దాన్ని మామూలు సర్వర్‌లాగే నిర్వహించాలి.

2. హోస్ట్‌ను సిద్ధం చేయండి

హోస్ట్‌లో ఎంత తక్కువ ఉంటే అంత మంచిది. వెబ్ సర్వర్, డేటాబేస్ లాంటివేవీ నేరుగా హోస్ట్ మీద పెట్టకండి. అవన్నీ కంటైనర్లలోకే వెళ్లాలి.

☐ డెబియన్ 13 గానీ, ఉబుంటు 24.04 గానీ, కనీస ప్యాకేజీలతో
☐ కంటైనర్ల కోసం విడి డిస్క్ లేదా విడి పార్టిషన్, అందులో డేటా ఏదీ లేకుండా
☐ హోస్ట్‌లో టైమ్ సింక్ పనిచేస్తూ ఉండాలి. కంటైనర్ గడియారాన్ని మార్చలేదు, హోస్ట్ సమయమే అన్నిటికీ
☐ ఎస్ఎస్‌హెచ్ తెగిపోయినా లోపలికి వెళ్లే మరో దారి: కన్సోల్, కేవీఎం (దూరం నుంచే స్క్రీన్, కీబోర్డ్ అందించేది) లేదా మెషీన్ పక్కన మనిషి
☐ హోస్ట్‌లో డాకర్ లేదని నిర్ధారణ

చివరిది చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ కాదు, దాని సంగతి 10వ భాగంలో.

కంటైనర్లు పదికి మించుతాయనుకుంటే కెర్నల్ పరిమితులు ముందే పెంచి పెట్టండి. ఎందుకంటే వీటిలో కొన్నిటిని కెర్నల్ యూజర్ ఐడీ చొప్పున లెక్కిస్తుంది. మామూలుగా కంటైనర్లన్నీ ఒకే ఐడీ శ్రేణిని వాడుకుంటాయి కాబట్టి కోటా కూడా అందరిదీ ఒక్కటే అవుతుంది. సిస్‌సీటీఎల్ డైరెక్టరీలో (/etc/sysctl.d) కొత్త ఫైలు పెట్టి ఇవి రాయండి:

ఎఫ్ఎస్.ఐనోటిఫై.మ్యాక్స్_యూజర్_ఇన్‌స్టెన్సెస్ = 1048576
ఎఫ్ఎస్.ఐనోటిఫై.మ్యాక్స్_యూజర్_వాచెస్ = 1048576
కెర్నల్.కీస్.మ్యాక్స్‌కీస్ = 2000
వీఎం.మ్యాక్స్_మ్యాప్_కౌంట్ = 1048576

మొదటిదానికి చాలా చోట్ల డీఫాల్ట్ 128 మాత్రమే, మూడోదానికి 200. చివరిది ఎలాస్టిక్‌సెర్చ్ లాంటివాటికి కావాలి. దాన్ని కంటైనర్ లోపల నుంచి మార్చడం కుదరదు.

3. స్టోరేజ్: తర్వాత మార్చడం కష్టం

తొందరపడకుండా ఆలోచించాల్సిన నిర్ణయం ఇది. కంటైనర్లు నిండాక స్టోరేజ్ రకం మార్చాలంటే ఒక్కోదాన్నీ ఆపి కొత్త పూల్‌కు (కంటైనర్ల డేటా ఉండే చోటు) తరలించాల్సిందే.

డిర్: ఏ ఫైల్ సిస్టమ్ మీదైనా పనిచేస్తుంది. కానీ స్నాప్‌షాట్ (ఆ క్షణానికి కంటైనర్ ఎలా ఉందో దాచే నకలు) తీసిన ప్రతిసారీ మొత్తం డేటా కాపీ అవుతుంది. 40 జీబీ కంటైనర్‌కు మూడు స్నాప్‌షాట్లు అంటే ఇంకో 120 జీబీ. నేర్చుకోవడానికి సరే, అసలు పనికి వద్దు.

బీటీఆర్ఎఫ్ఎస్: కెర్నల్‌లోనే ఉంటుంది, దాని టూల్స్ ఉన్న btrfs-progs ప్యాకేజీ ఒక్కటి ఉంటే చాలు. స్నాప్‌షాట్లు క్షణాల్లో అవుతాయి. మామూలు వెబ్ సర్వర్లకు హాయిగా సరిపోతుంది. ఎప్పుడూ రాస్తూ ఉండే పెద్ద డేటాబేస్‌లకు మాత్రం నేను దీన్ని ఎంచుకోను.

జెడ్ఎఫ్ఎస్: డేటా చెడిపోతే పట్టుకుంటుంది, స్నాప్‌షాట్లూ సర్వర్ల మధ్య కాపీలూ వేగంగా చేస్తుంది. ర్యామ్ కాస్త ఎక్కువే ఉంటే నా ఓటు దీనికే. రెండు జాగ్రత్తలు తప్పవు. ఒకటి, ఇది క్యాష్ కోసం ర్యామ్‌ను ధారాళంగా వాడుకుంటుంది. జెడ్ఎఫ్ఎస్_ఆర్క్_మ్యాక్స్‌తో పై హద్దు పెట్టండి. రెండు, డెబియన్‌లో ఇది డీకేఎంఎస్ (కెర్నల్ మారినప్పుడల్లా మాడ్యూల్‌ను మళ్లీ తయారుచేసే పద్ధతి) ద్వారా వస్తుంది. కెర్నల్ అప్‌డేట్ అయ్యాక మాడ్యూల్ సరిగ్గా తయారైందో లేదో చూడకుండా రీబూట్ చేస్తే, పూల్ కనిపించక ఒక్క కంటైనర్ కూడా లేవదు.

ఎల్‌వీఎం థిన్: వేగంగానే ఉంటుంది. కానీ పూల్‌లో ఉన్నదానికన్నా ఎక్కువ చోటును కంటైనర్లకు మాట ఇవ్వగలదు. పూల్ నిజంగా నిండిన రోజున అందరూ ఒకేసారి రాయలేక ఆగిపోతారు. దీన్ని వాడితే పూల్ నిండుదల మీద అలర్ట్ తప్పనిసరి.

సెటప్ సమయంలో లూప్ ఫైల్ ఇస్తానంటే ఒప్పుకోకండి. అది హోస్ట్ డిస్క్‌లోనే ఒక పెద్ద ఫైలు. విడి డిస్క్‌నే చూపించండి.

4. ఇన్‌స్టాల్, తొలి సెటప్

ఏపీటీ ఇన్‌స్టాల్ ఇన్‌కస్
ఇన్‌కస్ అడ్మిన్ ఇనిట్

రెండో కమాండ్ వరుసగా ప్రశ్నలు అడుగుతుంది. క్లస్టరింగ్‌కు వద్దనండి. కొత్త స్టోరేజ్ పూల్‌కు అవుననండి, రకం ఎంచుకుని, ఉన్న బ్లాక్ డివైస్ వాడాలా అన్నప్పుడు అవుననండి. ఆ డిస్క్ పేరు రెండుసార్లు చూసుకుని ఇవ్వండి, అందులో ఉన్నదంతా పోతుంది. కొత్త బ్రిడ్జ్‌కు (కంటైనర్లను కలిపే లోపలి నెట్‌వర్క్) అవుననండి. సర్వర్‌ను నెట్‌వర్క్ మీద అందుబాటులో ఉంచాలా అంటే, మరో మెషీన్ నుంచి నడిపే అవసరం వచ్చేదాకా వద్దు.

చివర్లో సెట్టింగులను యామల్ (సెట్టింగులు రాసే ఒక టెక్స్ట్ పద్ధతి) రూపంలో చూపిస్తానంటుంది. చూపించమని, దాన్ని వేరేచోట దాచుకోండి. హోస్ట్ పోయిన రోజున కొత్తదాన్ని అచ్చంగా అలాగే నిలబెట్టడానికి పనికొస్తుంది.

రూట్ కాకుండా మామూలు యూజర్‌తో నడపాలంటే ఇన్‌కస్-అడ్మిన్ గ్రూప్‌లో చేర్చాలి. ఈ గ్రూప్‌లో ఉన్న మనిషి హోస్ట్‌లోని ఏ డైరెక్టరీనైనా కంటైనర్‌లోకి తెచ్చుకోగలడు. అంటే ఆ గ్రూప్‌లో చేర్చడమంటే రూట్ అధికారం ఇచ్చినట్టే. అందరినీ అందులో పడేయకండి.

5. ముందు ప్రొఫైల్, తర్వాత కంటైనర్

ఒక్కో కంటైనర్‌కు విడివిడిగా సెట్టింగులు పెట్టుకుంటూ పోతే ఆరు నెలలకు ఏది ఎలా ఉందో ఎవరికీ తెలియదు. ముందే రెండు మూడు ప్రొఫైళ్లు (ఒకసారి రాసి ఎన్ని కంటైనర్లకైనా వాడే సెట్టింగుల జాబితాలు) చేసుకోండి. ఉదాహరణకు చిన్నది:

ఇన్‌కస్ ప్రొఫైల్ క్రియేట్ చిన్న
ఇన్‌కస్ ప్రొఫైల్ సెట్ చిన్న లిమిట్స్.మెమరీ=1జిఐబి
ఇన్‌కస్ ప్రొఫైల్ సెట్ చిన్న లిమిట్స్.సీపీయూ=1
ఇన్‌కస్ ప్రొఫైల్ సెట్ చిన్న లిమిట్స్.ప్రాసెసెస్=500
ఇన్‌కస్ ప్రొఫైల్ సెట్ చిన్న బూట్.ఆటోస్టార్ట్=ట్రూ

ఇప్పుడు మొదటి కంటైనర్:

ఇన్‌కస్ లాంచ్ ఇమేజెస్:డెబియన్/12 వెబ్01 -పీ డీఫాల్ట్ -పీ చిన్న
ఇన్‌కస్ ఎగ్జెక్ వెబ్01 -- బ్యాష్

ప్రొఫైళ్ల వరుసలో డీఫాల్ట్‌ను మరిచిపోతే డిస్క్, నెట్‌వర్క్ రెండూ ఉండవు, కంటైనర్ తయారే కాదు. ఒకే సెట్టింగ్ రెండు ప్రొఫైళ్లలో ఉంటే తర్వాత రాసినదే చెల్లుతుంది.

ఈ ఇమేజ్‌లు (కంటైనర్ తయారయ్యే మూల నకళ్లు) చాలా చిన్నవి, ఎస్ఎస్‌హెచ్ సర్వర్ కూడా ఉండదు. కావాలంటే మీరే పెట్టుకోవాలి. క్లౌడ్-ఇనిట్ (తొలి బూట్‌లోనే సెట్టింగులు వేసే టూల్) కావాలంటే పేరు చివర /క్లౌడ్ ఉన్న ఇమేజ్ తీసుకోండి.

పేర్లు పెట్టడంలో ఇప్పుడే క్రమం పాటించండి. వెబ్01, డీబీ01, మెయిల్01 అని పని తెలిసేలా ఉండాలి. టెస్ట్, టెస్ట్2, కొత్తటెస్ట్ అని పెడితే ఏది తొలగించొచ్చో చెప్పే ధైర్యం తర్వాత ఎవరికీ ఉండదు.

6. పరిమితులు ఎలా పనిచేస్తాయో తెలుసుకుని పెట్టండి

పరిమితి పెట్టకపోతే కంటైనర్ హోస్ట్ మొత్తాన్నీ వాడుకోగలదు. మెమరీ హద్దు గట్టిది. దాటితే కెర్నల్ లోపలి ప్రాసెస్‌ను చంపేస్తుంది, కంటైనర్ మాత్రం నడుస్తూనే ఉంటుంది. సైట్ ఎందుకు పడిందో కంటైనర్ లాగ్‌లో దొరక్కపోవచ్చు. హోస్ట్‌లో డీమెసేజ్ (dmesg) చూస్తే అవుట్ ఆఫ్ మెమరీ అన్న వరుస కనిపిస్తుంది.

సీపీయూకు రెండు తీర్లు ఉన్నాయి. లిమిట్స్.సీపీయూ=2 అంటే రెండు కోర్లకు మించి వాడదు. లిమిట్స్.సీపీయూ.అలవెన్స్‌లో 50% అని రాస్తే అది మెత్తటి హద్దు, సర్వర్ ఖాళీగా ఉంటే ఇంకా ఎక్కువే వాడుకుంటుంది. 25ఎంఎస్/100ఎంఎస్ అని కాలంతో రాస్తే గట్టి హద్దు. ఈ తేడా తెలియక శాతం పెట్టి, హద్దు పనిచేయడం లేదని అనుకునేవాళ్లు చాలామంది.

డిస్క్ హద్దు ఇలా:

ఇన్‌కస్ కాన్ఫిగ్ డివైస్ ఓవర్‌రైడ్ వెబ్01 రూట్ సైజ్=20జిఐబి

ప్రాసెస్‌ల హద్దును చాలామంది వదిలేస్తారు. అదుపు తప్పిన ఒక్క స్క్రిప్ట్ వేల ప్రాసెస్‌లు పుట్టిస్తే హోస్ట్‌లోకి లాగిన్ అవడమే కష్టమవుతుంది. అందుకే దాన్ని ప్రొఫైల్‌లోనే పెట్టాం.

7. నెట్‌వర్క్

డీఫాల్ట్‌గా వచ్చే ఇన్‌కస్‌బీఆర్0 ఒక ప్రైవేట్ బ్రిడ్జ్. కంటైనర్ల నుంచి బయటికి దారి ఉంటుంది, బయటి నుంచి లోపలికి ఉండదు. లోపలికి రానివ్వాలంటే మూడు దారులు.

మొదటిది, పోర్ట్‌ను దాటించడం:

ఇన్‌కస్ కాన్ఫిగ్ డివైస్ యాడ్ వెబ్01 హెచ్‌టీటీపీ ప్రాక్సీ లిజన్=టీసీపీ:0.0.0.0:80 కనెక్ట్=టీసీపీ:127.0.0.1:80

తేలికైనదే, కానీ వెబ్ సర్వర్ లాగ్‌లో వచ్చినవాళ్లందరి చిరునామా 127.0.0.1 అనే పడుతుంది. అసలు ఐపీ కావాలంటే ప్రాక్సీకి నాట్=ట్రూ పెట్టి, కంటైనర్‌కు స్థిరమైన ఐపీ ఇచ్చి, కనెక్ట్‌లో ఆ ఐపీనే, లిజన్‌లో 0.0.0.0 బదులు హోస్ట్ ఐపీని రాయాలి. లేదా ప్రాక్సీ_ప్రోటోకాల్=ట్రూ పెట్టి, వెబ్ సర్వర్‌ను దానికి తగ్గట్టు సర్దాలి.

రెండోది, ఒక కంటైనర్‌లో ఎన్‌జిన్ఎక్స్ లేదా హెచ్ఏప్రాక్సీ పెట్టి, 80, 443 పోర్టులు దానికి మాత్రమే ఇవ్వడం. మిగతా సైట్లకు అదే పంచుతుంది. సైట్లు మూడు దాటితే నా సలహా ఇదే. సర్టిఫికెట్లన్నీ ఒకచోటే ఉంటాయి.

మూడోది, కంటైనర్లను నేరుగా మీ లోకల్ నెట్‌వర్క్‌లోకి తేవడం. దీనికి హోస్ట్‌లో బీఆర్0 అనే బ్రిడ్జ్ తయారుచేసి, నెట్‌వర్క్ కార్డును అందులో చేర్చాలి. దూరంగా ఉన్న సర్వర్‌లో ఈ మార్పు చేసేటప్పుడు కనెక్షన్ తెగే అవకాశం ఎక్కువ. ఉబుంటులో నెట్‌ప్లాన్ ట్రై వాడండి, 120 సెకన్లలో మీరు ఒప్పుకోకపోతే పాత సెట్టింగ్‌కు తిరిగి వెళ్తుంది. వైఫై కార్డును ఇలా బ్రిడ్జ్‌లో చేర్చడం సాధారణంగా కుదరదు. అద్దెకు తీసుకున్న క్లౌడ్ సర్వర్లలో తెలియని మ్యాక్ అడ్రస్‌లను తరచూ అడ్డుకుంటారు, అక్కడ మొదటి రెండు దారులే మేలు.

మ్యాక్‌వీలాన్ (బ్రిడ్జ్ లేకుండా నెట్‌వర్క్ కార్డుకే కంటైనర్‌ను తగిలించే పద్ధతి) తేలిక కదా అని ఎంచుకునేవాళ్లు ఒకటి తెలుసుకోవాలి: హోస్ట్‌కూ ఆ కంటైనర్‌కూ మధ్య మాటలు ఉండవు. అది లోపం కాదు, దాని పద్ధతే అంత.

8. హోస్ట్ డైరెక్టరీని లోపలికి ఇవ్వడం

కంటైనర్‌లోని రూట్ హోస్ట్‌లో నిజమైన రూట్ కాదు. లోపలి ఐడీ 0, బయట 1000000 లాంటి పెద్ద సంఖ్యగా మారుతుంది. ఎవరైనా కంటైనర్‌ను ఛేదించి బయటికి వచ్చినా హోస్ట్‌లో వాళ్లకు రూట్ అధికారం ఉండదు. మన భద్రతంతా దీని మీదే నిలబడి ఉంది.

దీనివల్లే హోస్ట్ డైరెక్టరీని జతచేసినప్పుడు లోపల ఫైళ్ల యజమాని నోబడీ అని కనిపిస్తుంది, రాయడానికి అనుమతి రాదు. అప్పుడు చాలామంది చేసే పని సెక్యూరిటీ.ప్రివిలేజ్డ్=ట్రూ పెట్టేయడం. సమస్య మాయమవుతుంది, దాంతోపాటు రక్షణా పోతుంది. దయచేసి అది చేయకండి. 777 అనుమతులూ ఇవ్వకండి. సరైన దారి ఇది:

ఇన్‌కస్ కాన్ఫిగ్ డివైస్ యాడ్ వెబ్01 డేటా డిస్క్ సోర్స్=/ఎస్ఆర్‌వీ/డేటా పాత్=/డేటా షిఫ్ట్=ట్రూ

షిఫ్ట్ అన్నది ఐడీలను చూపించేటప్పుడే సరిచేస్తుంది, డిస్క్ మీద ఏదీ మార్చదు. దీనికి కెర్నల్ 5.12 లేదా తర్వాతిదీ, దాన్ని ఒప్పుకునే ఫైల్ సిస్టమూ కావాలి. ఎన్ఎఫ్ఎస్ (నెట్‌వర్క్ మీది) షేర్‌ను కంటైనర్ లోపల మౌంట్ చేయడం కుదరదు. హోస్ట్‌లో మౌంట్ చేసి లోపలికి ఇవ్వండి.

9. స్నాప్‌షాట్, బ్యాకప్, అప్‌డేట్

ప్రతి పెద్ద మార్పుకు ముందు:

ఇన్‌కస్ స్నాప్‌షాట్ క్రియేట్ వెబ్01 ముందు

తేడా వస్తే క్రియేట్ బదులు రిస్టోర్. రోజూ దానంతట అదే జరగాలంటే ప్రొఫైల్‌లో స్నాప్‌షాట్స్.షెడ్యూల్=@డైలీ, స్నాప్‌షాట్స్.ఎక్స్‌పైరీ=7డి పెట్టండి. ఎక్స్‌పైరీ లేకుండా షెడ్యూల్ మాత్రమే పెడితే పూల్ మెల్లగా నిండిపోతుంది. జెడ్ఎఫ్ఎస్‌లో నేరుగా పాత స్నాప్‌షాట్‌కు వెళ్లాలంటే మధ్యలో ఉన్నవి అడ్డొస్తాయి. ఆ పాతదాన్ని ఇన్‌కస్ కాపీతో కొత్త కంటైనర్‌గా తీసుకుంటే ఏదీ పోదు.

అయితే స్నాప్‌షాట్ ఉండేది అదే డిస్క్ మీద. డిస్క్ పోతే రెండూ పోతాయి. అసలు బ్యాకప్ వేరే మెషీన్‌కు వెళ్లాలి. ఇన్‌కస్ ఎక్స్‌పోర్ట్ మొత్తం కంటైనర్‌ను ఒక ఫైలుగా ఇస్తుంది, ఇంపోర్ట్ తిరిగి లేపుతుంది. మరో ఇన్‌కస్ సర్వర్ ఉంటే --రిఫ్రెష్‌తో కాపీ చేయడం ఇంకా మెరుగు, మారినంత మేరకే వెళ్తుంది.

బ్యాకప్ చెక్‌లిస్ట్:

☐ డేటాబేస్‌కు లోపలే డంప్ తీసి, ఆ తర్వాత కంటైనర్ బ్యాకప్
☐ 8వ భాగంలోలా జతచేసిన హోస్ట్ డైరెక్టరీలకు విడిగా బ్యాకప్. ఎక్స్‌పోర్ట్‌లో అవి రావు
☐ విడి స్టోరేజ్ వాల్యూమ్‌లకు కూడా విడిగానే
☐ ఎక్స్‌పోర్ట్ సమయంలో హోస్ట్ రూట్ డిస్క్‌లో తాత్కాలికంగా సరిపడా చోటు
☐ నెలకోసారి ఒకదాన్ని వేరే పేరుతో తిరిగి లేపి, లోపల సర్వీస్ నడుస్తోందో లేదో చూడటం

చివరి గడి ఖాళీగా ఉంటే మీ దగ్గర బ్యాకప్ ఉందని నేను ఒప్పుకోను.

అప్‌డేట్ల విషయంలో కెర్నల్ హోస్ట్‌ది, ప్యాకేజీలు కంటైనర్‌వి. హోస్ట్‌ను అప్‌డేట్ చేస్తే లోపలి పీహెచ్‌పీ మారదు. ప్రతి కంటైనర్‌లోనూ సెక్యూరిటీ అప్‌డేట్లు వాటంతటవే పడేలా పెట్టండి. హోస్ట్‌ను రీబూట్ చేసే ముందు బూట్.హోస్ట్_షట్‌డౌన్_టైమౌట్ చూడండి. డీఫాల్ట్ 30 సెకన్లే, అప్పటికీ ఆగని కంటైనర్‌ను బలవంతంగా ఆపేస్తుంది. పెద్ద డేటాబేస్‌కు 300 పెట్టండి. లేచేటప్పుడు డేటాబేస్ ముందు, వెబ్ తర్వాత రావాలంటే బూట్.ఆటోస్టార్ట్.ప్రయారిటీలో డేటాబేస్‌కు పెద్ద సంఖ్య ఇవ్వాలి.

10. తరచూ వచ్చే సమస్యలు, పరిష్కారాలు

ఏ సమస్య వచ్చినా ముందు ఒక్క ప్రశ్న: ఇది కెర్నల్‌కు సంబంధించిందా, లోపలి ప్యాకేజీకి సంబంధించిందా? మొదటిదైతే కంటైనర్‌లో వెతకడం వృథా, హోస్ట్‌లోనే చూడాలి.

కంటైనర్‌కు ఐపీ రాలేదు. హోస్ట్ ఫైర్‌వాల్ బ్రిడ్జ్ మీద డీహెచ్‌సీపీ, డీఎన్ఎస్‌లను ఆపుతోంది. యూఎఫ్‌డబ్ల్యూ (ఉబుంటు ఫైర్‌వాల్ టూల్) వాడుతుంటే:

యూఎఫ్‌డబ్ల్యూ అలో ఇన్ ఆన్ ఇన్‌కస్‌బీఆర్0
యూఎఫ్‌డబ్ల్యూ రూట్ అలో ఇన్ ఆన్ ఇన్‌కస్‌బీఆర్0
యూఎఫ్‌డబ్ల్యూ రూట్ అలో ఔట్ ఆన్ ఇన్‌కస్‌బీఆర్0

ఇక్కడ రూట్ అంటే ప్యాకెట్లు వెళ్లే దారి, ఆర్ఓయూటీఈ.

ఐపీ ఉంది, ఇంటర్నెట్ లేదు. హోస్ట్‌లో డాకర్ ఉందేమో చూడండి. అది ఫార్వర్డ్ చెయిన్ పాలసీని డ్రాప్‌కు మారుస్తుంది, దాంతో మన బ్రిడ్జ్ ట్రాఫిక్ కూడా ఆగిపోతుంది. డాకర్-యూజర్ చెయిన్‌లో మన బ్రిడ్జ్‌కు అనుమతి రాయొచ్చు. దానికన్నా డాకర్‌నే ఒక కంటైనర్‌లోకి పంపి, ఆ కంటైనర్‌కు సెక్యూరిటీ.నెస్టింగ్=ట్రూ పెట్టడం మంచిది. ఇంకా గట్టి రక్షణ కావాలంటే డాకర్‌కు వర్చువల్ మెషీన్.

టూ మెనీ ఓపెన్ ఫైల్స్ అంటోంది, తెరిచిన ఫైళ్లు చూస్తే కొన్నే. ఐనోటిఫై హద్దు అయిపోయింది. డిస్క్ ఖాళీగా ఉన్నా డిస్క్ కోటా ఎక్సీడెడ్ అంటూ సర్వీసులు లేవకపోతే కీల హద్దు అయిపోయి ఉండొచ్చు. రెండిటికీ మందు 2వ భాగంలోని సంఖ్యలే, హోస్ట్‌లో పెట్టాలి. కంటైనర్‌కు విడి ఐడీ శ్రేణి కావాలంటే సెక్యూరిటీ.ఐడీమ్యాప్.ఐసొలేటెడ్=ట్రూ పెట్టి రీస్టార్ట్ చేయండి, అప్పుడు దాని కోటా దానిదే.

పాత డిస్ట్రో లేవడం లేదు. సెంట్ఓఎస్ 7, ఉబుంటు 16.04లలోని సిస్టమ్‌డీకి సీగ్రూప్ వెర్షన్ 2 తెలియదు. నేటి హోస్ట్‌లలో ఉండేది అదే. హోస్ట్‌ను వెనక్కి మార్చడానికి తంటాలు పడకుండా ఆ పాతదాన్ని వర్చువల్ మెషీన్‌లోకి తీసుకెళ్లండి.

కంటైనర్ స్టార్ట్ కాగానే ఆగిపోతోంది. ఇన్‌కస్ ఇన్ఫో వెబ్01 --షో-లాగ్ అని హోస్ట్ వైపు కారణం చూడండి. అక్కడ ఏమీ లేకపోతే ఇన్‌కస్ కన్సోల్ వెబ్01 --షో-లాగ్ లోపలి బూట్ సందేశాలు చూపిస్తుంది. ఈ వరుసలోనే చూడండి. స్టోరేజ్, నెట్‌వర్క్ తప్పులు మొదటిదానిలోనే పడతాయి.

అంతా ఒక్కసారిగా నెమ్మదించింది, లేదా రాయడం ఆగింది. కంటైనర్లను ఒక్కోదాన్నీ తెరిచి చూసే ముందు పూల్ నిండిందేమో చూడండి: ఇన్‌కస్ స్టోరేజ్ ఇన్ఫో, పక్కన పూల్ పేరు. 80 శాతం దగ్గరే అలర్ట్ వచ్చేలా పెట్టుకోండి. నిండిపోయి ఉంటే ముందు పాత స్నాప్‌షాట్లు తీసేయండి. కంటైనర్ లోపల ఫైళ్లు చెరిపినా, స్నాప్‌షాట్ ఆ బ్లాకులను పట్టుకుని ఉన్నంతకాలం చోటు తిరిగి రాదు.